అభయేశ్వరుడి ముంగిట ద్రోహం

మిట్టమధ్యాహ్నపు ఎండలో అభయపురి కోట తోమిన రాగిబిందెలా ధగధగలాడుతున్నది. ఏడు ప్రాకారాలు, ప్రాకారానికి ఏడు బురుజులు, బురుజు బురుజు మీదా గాలికి ఫెళఫెళలాడే కాషాయ పతాకాలు. కోట నడిబొడ్డున మబ్బులను ఒరుసుకుంటూ అభయేశ్వరాలయం. దాని బంగారు కలశం ఆమడ దూరంలోని బాటసారికి కూడా కనబడి, "రా నాయనా, భయం లేదు" అని పిలుస్తున్నట్టు ఉంటుందని జనం చెప్పుకుంటారు. కోట మహాద్వారం మీద మనిషెత్తు అక్షరాలతో స్వామి ఆజ్ఞ చెక్కి ఉంది: "శరణన్నవాడిని విడువకు. అదే నా పూజ."

ఆ అక్షరాల కింద నిలబడి ఒక గాజుల సెట్టి పాగా కొసతో కళ్ళు తుడుచుకున్నాడు.

భుజాన గాజుల మలారం, మోకాళ్ళ దాకా దుమ్ము, పదిచోట్ల చిరిగిన అంగీ. చూసేవారికి ఊరూరా తిరిగి పొట్టపోసుకునే వర్తకుడు. కాని మలారం నడుమ, పచ్చగాజుల వరుసల మాటున, ఒక ఖడ్గం దాగి ఉంది. ఆ సెట్టి మరెవరో కాదు, హేమగిరి యువరాజు అరిందముడు.

పదకొండు రోజుల క్రితం మాంత్రికుడు కాలదంష్ట్రుడు హేమగిరి మీద విరుచుకుపడ్డాడు. నిండు కొలువులో మహారాజును, మంత్రులను, కావలివాళ్ళను ఉన్నవాళ్ళను ఉన్నట్టే శిలలుగా మార్చి సింహాసనం ఎక్కాడు. అయితే హేమగిరి వంశపు రక్తం ఒక్క బొట్టు బతికి ఉన్నా ఆ సింహాసనం వాడికి నిలవదు. అందుకే రాబోయే అమావాస్యనాటికి యువరాజును ప్రాణాలతో పట్టి బలి ఇవ్వాలని నలుదిక్కులకూ తన భూతాలను తోలాడు. అరిందముడు ఎలుగుబంట్ల లోయ దాటి, మొసళ్ళ మడుగు ఈది, ఆకులూ దుంపలూ తిని ఇక్కడికి చేరాడంటే ఒక్కటే ఆశ: మేనమామ పుణ్యవర్మ.

పుణ్యవర్మ అభయపురికి రాజు. తెల్లవారకముందే లేచి తడిబట్టలతో గుడిచుట్టూ పొర్లుదండాలు పెడతాడు. రోజుకు వేయి బిల్వపత్రాలతో అర్చన, వేయి కడవలతో అభిషేకం. ముప్పై ఏళ్ళలో ఒక్కపూట తప్పలేదు. అయిదేళ్ళ అరిందముణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ మహాద్వారం మీది మాటను అక్షరం అక్షరం దిద్దించింది కూడా ఆయనే.

"ఎవరికయ్యా గాజులు?" అని కావలివాడు ఈటె అడ్డం పెట్టాడు.

"రాణివాసానికి బాబూ. పండగ ఒప్పందం," అన్నాడు అరిందముడు, గొంతు మార్చి.

ఈటె తొలగింది.

ఆలయ మంటపంలో పాలకడవలు బారులు తీరి ఉన్నాయి. గర్భగుడి ముందు తడి పట్టుపంచెతో, ఒంటినిండా విభూతితో పుణ్యవర్మ నిలబడి ఉన్నాడు. అరిందముడు మలారం దించాడు. పాగా తీశాడు. గాజుల నడుమనుంచి తన ఖడ్గం తీసి చేతపట్టుకున్నాడు.

"మామా, శరణు!"

పుణ్యవర్మ చేతిలోని చెంబు జారి ఖంగుమన్నది. ఒక్క ఉదుటున వచ్చి మేనల్లుణ్ణి కౌగిలించుకున్నాడు.

"నా చెల్లెలి కన్నకొడుకువి! ఎంత చిక్కిపోయావు అల్లుడా! ఎన్ని కష్టాలు పడ్డావు! ఇదిగో, ఈ అఖండదీపం సాక్షి. నా గుమ్మం తొక్కాక ఆ మాంత్రికుడు నీ గోరు కూడా తాకలేడు."

ఆయన కంటినీరు అరిందముడి భుజం మీద వెచ్చగా పడింది. పదకొండు రోజుల తరువాత మొదటిసారి యువరాజు గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"ముందు ఆ ఖడ్గం నందీశ్వరుడి పాదాల దగ్గర పెట్టు నాయనా. సన్నిధిలో ఆయుధం పట్టకూడదు. లోపలికి రా, తీర్థం పుచ్చుకుందువుగాని."

అరిందముడు ఖడ్గం నంది ముందు పెట్టి గర్భగుడిలో అడుగుపెట్టాడు. పుణ్యవర్మ మూడుసార్లు తీర్థం పోశాడు. కళ్ళు మూసుకుని ఆ చల్లని నీరు శిరసున రాసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి మామ గడప అవతల ఉన్నాడు. ధడాలున ఇనుపకటకటాలు పైనుంచి దిగాయి.

"మామా! ఇదేమిటి?"

పుణ్యవర్మ తలవంచుకోలేదు సరికదా, చేతులు జోడించి స్వామికి నమస్కరించాడు.

"నిన్న ఉల్కాముఖి వచ్చింది నాయనా. కాలదంష్ట్రుడు పెంచిన రాక్షసగృధ్రం. ఈవేళ సూర్యాస్తమయంలోగా నిన్ను అప్పగించకపోతే నన్ను ఎత్తుకుపోయి, ఈ నగరాన్ని బూడిద చేస్తానన్నది. ఈ గుడి ఏమైపోవాలి? ముప్పై ఏళ్ళ నా అర్చన నీ ఒక్కడి కోసం ఆగిపోవాలా?"

"మహాద్వారం మీది మాట నువ్వే కదా నాకు నేర్పావు!"

"దానికేం? ఆ మాటను ఇప్పటికీ రోజూ నూటెనిమిదిసార్లు జపిస్తున్నాను," అన్నాడు పుణ్యవర్మ. ఆ గొంతులో ఇసుమంత సిగ్గు లేదు. "నీ పేర కోటి బిల్వార్చన చేయిస్తాను. నీకు కైలాసమే."

కత్తి దిగినా అంత బాధ ఉండేది కాదు అరిందముడికి. మొసళ్ళ మడుగులో మొసలి నోరు తెరుచుకుని ఎదురైంది. అది మొసలి అని తెలుసు, ఈదాడు. ఇక్కడ చేతులు చాపింది మామ.

అంతలో ప్రాకారం మీద రెక్కల చప్పుడు. తాటిచెట్టంత నీడ మంటపం మీద పరుచుకుంది. నిప్పుకణికల్లాంటి కళ్ళు, కొలిమిలా పొగలు కక్కే ముక్కు.

"వాణ్ణి బయటికి ఈడ్చుకురండి!" అని మనుష్యభాషలో గర్జించింది ఉల్కాముఖి. "గర్భగుడి రాయి నా రెక్కలకు పడదు."

భటులు కటకటాలు ఎత్తడానికి గొలుసులు అందుకున్నారు. అరిందముడు నాలుగు వైపులా చూశాడు. మూడు వైపులా రాతిగోడ. నాలుగో వైపు కటకటాలు. కాళ్ళ కింద మాత్రం ఏదో గలగలమంటున్నది! వేయి కడవల అభిషేకజలం బయటికి పారడానికి పూర్వం శిల్పులు మనిషి దూరేంత కాలువ తొలిచారు. దాని మీద ఒక బండ కప్పి ఉంది. అరిందముడు ఆ బండ చెవులు పట్టి బలంకొద్దీ పైకి లాగాడు. గోళ్ళు చిట్లాయి. బండ కదిలింది.

"స్వామీ! నీ గుమ్మం మూసేశారు. నీ కాలువలోంచి పోతున్నాను, తప్పు కాయి," అంటూ లోపలికి ఉరికాడు.

నాచుపట్టిన రాతిమీద పాలు, నీళ్ళు, వాడిన పూలు, బిల్వదళాలు ముఖాన కొడుతుంటే బాణంలా జారిపోయాడు. ఎక్కడ తల తగిలిందో, ఎక్కడ మోచేయి చెక్కుకుపోయిందో తెలియదు. ఏడు ప్రాకారాల కిందుగా ఊపిరాడని ఆ ప్రయాణం సాగి సాగి, చివరకు ఎండలోకి ఎగిరి, దబ్బుమని మెత్తటి బురదలో పడ్డాడు.

అది కోటవెలుపలి కుమ్మరివాడ. మట్టిగుంత ఒడ్డున ఒక ముసలామె మోకాలి దాకా చీర ఎగగట్టి మట్టి తొక్కుతున్నది. ఆమె పేరు ఈరమ్మ. పైనుంచి కింది దాకా పాలూ బురదా కారుతున్న మనిషిని చూసి ఆమె కెవ్వుమనలేదు. నడుము మీద చేతులు పెట్టుకున్నది.

"గుడి కాలవలోంచి పూలొస్తయ్యి, పత్రొస్తది. మనిషి రావడం ఈయేళే చూస్తన్నా. ఎవరయ్యా నువ్వు?"

శరణు అనబోయాడు అరిందముడు. ఆ మాట మింగేశాడు. ఇందాక ఆ మాట అన్నందుకే కదా కటకటాలు పడ్డాయి!

"నన్ను తరుముతున్నారు అవ్వా," అన్నాడు చివరకు.

ఎవరని ఆమె అడగలేదు. ఎందుకని అడగలేదు. కోటవైపునుంచి గుర్రపుడెక్కల చప్పుడు వినబడుతూనే ఉంది. గుడిసె పక్కన కుండలు పేర్చి, గడ్డీ పిడకలూ కప్పి, మట్టి మెత్తి సిద్ధం చేసిన ఆవం ఉంది. దాని వెనుకవైపు కంతలోనుంచి నాలుగు కుండలు తీసి, "దూరు నాయినా, దూరు!" అని అతణ్ణి లోపలికి నెట్టి మళ్ళీ కుండలు అడ్డం పెట్టింది.

దళపతి ఇరవైమంది భటులతో వచ్చి దిగాడు.

"ముసలీ! గాజుల సెట్టి వేషంలో ఒకడు ఇటు వచ్చాడా?"

"నాకు గాజులెందుకు దొరా? మొగుడు పోయి పన్నెండేళ్ళాయె."

దళపతి గుడిసె వెతికించాడు. గడ్డివామును ఈటెలతో పొడిపించాడు. చివరకు వాడి చూపు ఆవం మీద పడింది. మీసం మెలిపెట్టి నవ్వాడు.

"ఆవం ముట్టించు."

"పొద్దుగూకినాక ముట్టిస్తా దొరా. ఇయ్యి ఐరేని కుండలు. కోమట్లింటి పెళ్ళికి. గాలి పడకముందే నిప్పెడితే పగుళ్ళిస్తయ్యి."

"ముట్టించు! లేదా నిన్నే అందులో వేస్తాను."

ఈరమ్మ పొయ్యిలోంచి నిప్పు తెచ్చింది. వస్తూ వస్తూ కాలితో ఒక తడిగడ్డి మోపును ఆవం ముందుకు తోసింది. నిప్పు అంటుకోగానే మంట కంటే ముందు పొగ లేచింది. నల్లని, దట్టమైన, కళ్ళు పొడిచే పొగ. భటులు దగ్గుతూ, తుమ్ముతూ వెనక్కు జరిగారు. గుర్రాలు బెదిరి కట్లు తెంపుకున్నాయి.

లోపల అరిందముడికి వీపు కాలుతున్నది. ఊపిరి పీలిస్తే పొగ. అరిస్తే చావు. మరో మోసమా ఇది? ముసలిది కూడా తనను అమ్మేసిందా? పళ్ళు కొరికి, తల నేలకు ఆనించాడు. అప్పుడు వెనుక కంతలో కుండలు కదిలాయి. నిప్పులమీది కుండలను లాగి అవతల పారేస్తూ ఒక వట్టిచెయ్యి లోపలికి వచ్చి అతని జుట్టు పట్టుకుంది.

పొగచాటున ఆమె అతణ్ణి మట్టిగుంతలోకి దొర్లించి, పైన తడిగోనె కప్పింది. దళపతి కాసేపు ఎదురుచూశాడు. మండే ఆవంలోనుంచి ఏ కేకా రాకపోయేసరికి గుర్రాలు పట్టుకుని వెళ్ళిపోయాడు.

అరిందముడు లేచి చూశాడు. పెళ్ళికుండలు ముక్కలై ఉన్నాయి. ఈరమ్మ కుడిచెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కి ఉంది. ఆమె దాన్ని చల్లని మట్టిలో పెట్టుకుని ఊదుకుంటున్నది.

"అవ్వా! నేనెవరో కూడా నీకు తెలియదు. మహాద్వారం మీది ఆజ్ఞ గుర్తొచ్చిందా?"

"ఏ ద్వారం నాయినా? మమ్మల్ని కోటలోకి రానియ్యరు. వచ్చినా నాకు అచ్చరం ముక్క రాదు."

"మరి ఇంత పని ఎందుకు చేశావు? నీ కుండలన్నీ పోయాయే!"

"కుండ పగిలితే మళ్ళీ చేస్తా. నువ్వు పగిలితే నేను చెయ్యలేను గదా," అన్నది ఈరమ్మ. అది పెద్దమాట అని ఆమెకు తెలియదు. "ఆ తొట్లో మంచినీళ్ళున్నయ్యి. ముందు తాగు."

అరిందముడు నీళ్ళు తాగాడు. నెత్తిన రాసుకున్న తీర్థం ఇంకా జుట్టులో తడిగానే ఉన్నట్టు తోచింది. దోసిలితో ఆ తలను కడిగేసుకున్నాడు.

ఎండ వాలింది. పడమటి కొండమీద సూర్యుడు ఎర్రబడుతుండగా కోటలోపల గంటలు గణగణ మోగాయి. వెంటనే హాహాకారాలు! గడువు తీరుతున్నది, యువరాజు దొరకలేదు. ఉల్కాముఖి గాలిలోకి లేచి పతాకాలను, బురుజులను, అశ్వశాలలను తగలబెడుతున్నది. జనం గోడలమీదినుంచి దూకుతున్నారు. రాజు కోసం రాక్షసపక్షి మేడ మేడా పెళ్ళగిస్తున్నది.

అభిషేకం కాలువలో మళ్ళీ ఏదో గొణుగుడు. ఎగిరిపడి బురదలో బోర్లాపడిన మనిషి మెడలో రుద్రాక్షమాల, నడుముకు కాలిన పట్టుపంచె. పుణ్యవర్మ! పాకుతూ వచ్చి ఈరమ్మ పాదాలు పట్టుకున్నాడు.

"అమ్మా, శరణు! నన్ను దాచు!"

అరిందముడి చేతికి మట్టి తవ్వే గునపం ఎప్పుడొచ్చిందో అతనికే తెలియదు. దాన్ని రెండుచేతులతో పైకెత్తాడు.

"తప్పుకో అవ్వా! నన్ను అమ్మినవాడు వీడే!"

పుణ్యవర్మ తలెత్తి చూసి కొయ్యబారిపోయాడు. ఈరమ్మ కదల్లేదు.

"అమ్మాడేమో నాయినా. నాకాసంగతి తెల్దు. ఆయన కాళ్ళు చూడు, ఎట్టా కాలినయ్యో."

"ఆ కాళ్ళతోనే గడప దాటి కటకటాలు దించాడు!"

"అయితే ఆ గునపం ముందు నామీద పడెయ్యి. ఇందాక నిన్ను తరిమినోళ్ళకు నిన్నియ్యలా. ఇప్పుడు నీకు ఈయన్నియ్యను."

గునపం గాలిలోనే ఆగిపోయింది. ఆ బొబ్బలెక్కిన చేతిని దాటి దెబ్బవేయడం అతనివల్ల కాలేదు. ఈరమ్మ ఒక పెద్ద గోలెం దొర్లించుకొచ్చి పుణ్యవర్మ మీద బోర్లించింది.

అప్పటికే కుమ్మరివాడ మీద నీడ పడింది. గుడిసె కప్పు ఎగిరిపోయింది. ఉల్కాముఖి మట్టిగుంత ఒడ్డున దిగి ముక్కు చాచింది.

"ముసలీ! రాజు కాలువలో దూరాడని చెప్పారు. ఎక్కడ?"

"కుండలున్నయ్యి. కావాలంటే కుండ తీసుకో," అన్నది ఈరమ్మ.

పక్షి గోరు గాలిలోకి లేచింది. ఆ గోరు ఈటెంత ఉంది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే ఈరమ్మ రెండు ముక్కలయ్యేది. పారిపోవడానికి ఎదురుగా ఏటివొడ్డు ఉన్నా, ఒంటినిండా బురద పూసుకున్న తనను పక్షి గుర్తుపట్టలేదని తెలిసినా, అరిందముడు ఒక్క దూకులో గునపంతో ఆ గోరును అడ్డుకున్నాడు. రవ్వలు లేచాయి. తొక్కి సిద్ధంగా ఉన్న మట్టిముద్దను మరో చేత్తో అందుకుని పక్షి ఎడమకంటిమీద విసిరాడు. రెండో ముద్ద కుడికంటిమీద. నిప్పులాంటి ఆ కళ్ళవేడికి పచ్చిమట్టి క్షణంలో కాలి ఇటుకలా బిగుసుకుపోయింది!

ఉల్కాముఖి గావుకేక పెట్టింది. గుడ్డిగా తిరుగుతూ రెక్కలతో గోడలను, చెట్లను మోదసాగింది. అరిందముడు ఊపిరి బిగపట్టి, ఈరమ్మకు కళ్ళతోనే సైగచేస్తూ ఏటివైపు అడుగు తీసి అడుగు వేశాడు. నాలుగడుగులు వేస్తే ఒడ్డున కట్టేసిన తెప్ప. పక్షికి వాళ్ళ అడుగుల చప్పుడు అందడం లేదు.

అప్పుడు గోలెం లేచింది. దానికిందినుంచి పుణ్యవర్మ తల బయటికి వచ్చింది.

"ఉల్కాముఖీ! నీ అరిందముడు ఇక్కడే ఉన్నాడు! నీ కుడివైపు, మూడు బారల దూరం! వాణ్ణి తీసుకుని నన్ను వదిలెయ్!"

అరిందముడు వెనుదిరిగి మామ ముఖంలోకి చూశాడు. ఆ చూపు ముగియకముందే పక్షి గోళ్ళు అతని నడుముచుట్టూ బిగిశాయి. నేల కాళ్ళకిందినుంచి జారిపోయింది. మట్టిగుంత దోసెడంతయింది, కోట బొమ్మరిల్లంతయింది. కిందికి చూస్తే పుణ్యవర్మ బురదలో కూర్చుని, రుద్రాక్షలు తుడుచుకుని, జపం మొదలుపెడుతున్నాడు. ఈరమ్మ ఏటివొడ్డున పరుగెత్తుతూ కాలని చెయ్యి ఎత్తి ఊపుతున్నది.

"నాయినా! గునపం వదలమాక!"

వదల్లేదు. గునపం ఇంకా అతని పిడికిట్లోనే ఉంది. దాన్ని పక్షి రొమ్ములో దింపుదామని ఎత్తాడు. దింపితే ఇద్దరూ నేలమీద పడి ముద్దవుతారు. అమావాస్య బలి తప్పుతుంది. హేమగిరి కొలువులో తండ్రి మాత్రం ఎప్పటికీ రాయిగానే ఉండిపోతాడు.

హఠాత్తుగా గాలి చల్లబడింది. ఎదుట సప్తకూట పర్వతాలు, కత్తుల్లా నిలువునా లేచిన ఏడు శిఖరాలు, శరవేగంతో దగ్గరవుతున్నాయి. పక్షి రెక్కలు తడబడ్డాయి.

"ఒరే రాకుమారా! కొండగాలి తగులుతున్నది. ఎదుట ఏముంది? చెప్పకపోతే ఇద్దరం చస్తాం!" అని అరిచింది ఉల్కాముఖి. మరుక్షణం దాని గొంతు తగ్గింది. "నువ్వు నిజం చెబుతావని నేనెట్లా నమ్మేది?"

ఆ పూట నమ్మకం అనే మాట ఎంత చేదో అరిందముడికంటే బాగా ఎరిగినవాడు లేడు. ఒక్క అబద్ధంతో ఈ పీడను కొండకు కొట్టించవచ్చు. దాని మెడ తనవైపు వంగి ఉంది, గుడ్డిది, వింటున్నది.

"నామీద ఆధారపడినవాళ్ళను నేనింతవరకు అమ్ముకోలేదు," అన్నాడు. "ఎడమకు తిరుగు. ఇంకా. ఇంకా ఎడమకు!"

ఉల్కాముఖి తిరిగింది. శిఖరపు రాయి అరిందముడి పాదాన్ని చెక్కుతూ వెనక్కు పోయింది. ఉత్తరాన, చీకటి కమ్ముతున్న అడవుల అంచున, కాలదంష్ట్రుడి హోమగుండపు నల్లని పొగ సన్నగా పైకి లేస్తున్నది.

అతని నడుముచుట్టూ ఉన్న గోళ్ళ పట్టు ఒక్క పిసరు సడలింది.